కమాండ్ చెప్పే జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖరారయ్యే రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోటికి, తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. కొత్త ల్యాప్‌టాప్ ధర భరించలేని కుటుంబాలు, కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన యంత్రాలలో మంచిది ఏదైనా ఉంటుందేమోనని నగరమంతా తిరుగుతాయి. అలా కొనేవారికి ఆధారంగా ఉండేవి సాధారణంగా మూడే: యంత్రం మీది స్టిక్కర్, అమ్మేవారి మాట, సెట్టింగ్స్‌లో కనిపించే ఒక తెర. ఈ మూడింటికన్నా కమాండ్ లైన్ (ఆజ్ఞలు టైపు చేసి కంప్యూటర్‌నే అడిగే పద్ధతి) నమ్మదగినదని నేను బంధువులకూ, మా వీధిలోని విద్యార్థులకూ చెబుతూ ఉంటాను. అయితే కమాండ్ కూడా దేనినీ స్వయంగా కనిపెట్టదు. అది ఎవరినో అడిగి, వారు చెప్పినది తెచ్చి మన ముందు పెడుతుంది. ఎవరిని అడిగిందో తెలిస్తేనే ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. ఏ కమాండ్ ఏం చూపిస్తుందో చెప్పే జాబితాలు కావలసినన్ని దొరుకుతాయి గానీ, ఆ సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో వాటిలో అరుదుగా ఉంటుంది. నాకు ముఖ్యమనిపించేది అదే.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి చూద్దాం. విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌లో ‘యూనేమ్ -ఆర్’ అని కొడితే, ఆ క్షణంలో నడుస్తున్న కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, తన వెర్షన్‌ను తానే చెబుతుంది. ఇక్కడ ‘నడుస్తున్న’ అన్న మాట గుర్తుంచుకోవాలి. రాత్రి అప్‌డేట్ చేసి కొత్త కెర్నెల్ ఎక్కించినా, రీస్టార్ట్ చేయనంతవరకు ఈ కమాండ్ పాత వెర్షన్‌నే చూపిస్తుంది, అది తప్పు కూడా కాదు. ‘యూనేమ్ -ఎం’ ఇచ్చే ఎక్స్86_64 అనే జవాబు ఇంటెల్, ఏఎండీల 64 బిట్ నిర్మాణాన్నీ, ఏఆర్చ్64 అనే జవాబు ఆర్మ్ నిర్మాణాన్నీ సూచిస్తాయి. కానీ లైనక్స్ పంపిణీలలో (వేర్వేరు బృందాలు తయారుచేసే లైనక్స్ రూపాలలో) ఇది ఉబుంటూనా, డెబియనా, ఫెడోరానా అన్నది కెర్నెల్‌కు తెలియదు. ఆ జవాబు ‘/ఈటీసీ/ఓఎస్-రిలీజ్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. దానిని ‘క్యాట్’తో తెరిచి చూడవచ్చు. ఉబుంటూ 24.04 అంటే 2024 ఏప్రిల్‌లో విడుదలైనదని అంకెలే చెబుతాయి కాబట్టి, ఆ పంపిణీకి అప్‌డేట్లు ఇంకా వస్తాయో రావో కూడా అక్కడే లెక్క వేసుకోవచ్చు.

ఒకటి కెర్నెల్ చెప్పేది, మరొకటి ఫైలులో రాసి ఉన్నది అన్న తేడా మొదట చిన్నదిగా అనిపిస్తుంది. అమీర్‌పేట శిక్షణ సంస్థలలో డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే వేరు వేరు అరలలో నడిపే సాధనం) నేర్చుకునే విద్యార్థులు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు. కంటైనర్ లోపల ఓఎస్-రిలీజ్ ఫైలు చూస్తే డెబియన్ అని ఉంటుంది, యూనేమ్ కొడితే బయట ఉన్న ఉబుంటూ కెర్నెల్ పేరు వస్తుంది. రెండూ నిజాలే, ఎందుకంటే కంటైనర్‌కు సొంత కెర్నెల్ ఉండదు, సొంత ఫైళ్లు మాత్రమే ఉంటాయి. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 పెట్టుకున్నవారికి యూనేమ్ జవాబులో ‘మైక్రోసాఫ్ట్’ అన్న పదం కనిపిస్తుంది; అక్కడ ‘ఫ్రీ -హెచ్’ కొడితే మెమరీ కూడా అసలు దానిలో సగమే కనిపించవచ్చు. ర్యామ్ పోయిందని కంగారు పడవలసిన పని లేదు, ఆ లైనక్స్‌కు విండోస్ కేటాయించిన వాటా అంతే. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఉన్నామా, సొంత యంత్రం మీద ఉన్నామా అన్న అనుమానం వస్తే ‘సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్’ అన్న కమాండ్ తేల్చి చెబుతుంది. సొంత యంత్రమైతే ‘నన్’ అనీ, కాకపోతే కేవీఎం వంటి వర్చువలైజేషన్ సాధనం పేరూ వస్తుంది. ఏ వివరమైనా అడిగే ముందు ఈ ప్రశ్న అడగడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ సృష్టించిన యంత్రంలో, ఆ తర్వాత వచ్చే హార్డ్‌వేర్ వివరాలలో చాలావరకు దాన్ని నడిపే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చూపించాలనుకున్నవే.

పాత యంత్రం కొనడానికి వెళ్లేవారు ఉబుంటూ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకొని వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ పద్ధతిలో బూట్ చేస్తే ఆ యంత్రం డిస్క్‌లోని దేనినీ తాకకుండానే టెర్మినల్ తెరవవచ్చు. ఇందులో పెద్ద లాభం ఒకటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో కనిపించే ప్రాసెసర్ పేరు రిజిస్ట్రీ అనే విండోస్ సెట్టింగుల నిల్వలోని ఒక పదం. అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉన్నవారు ఆ పదాన్ని మార్చగలరు. రీస్టార్ట్ చేస్తే అసలు పేరు తిరిగి వస్తుంది గానీ, ప్రతిసారీ మళ్లీ మార్చేలా స్క్రిప్టు పెట్టడమూ సాధ్యమే. మన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు ఆ రిజిస్ట్రీతో సంబంధమే ఉండదు. అప్పుడు యూనేమ్, ఓఎస్-రిలీజ్ మన పెన్‌డ్రైవ్ గురించే చెబుతాయి, హార్డ్‌వేర్ కమాండ్లు మాత్రం ఎదుట ఉన్న యంత్రం గురించి చెబుతాయి.

ప్రాసెసర్ కోసం ‘ఎల్ఎస్‌సీపీయూ’ అని కొట్టాలి. కమాండ్లన్నీ చిన్న అక్షరాలలోనే టైపు చేయాలని మరచిపోకూడదు, లైనక్స్‌లో చిన్న అక్షరమూ పెద్ద అక్షరమూ ఒకటి కావు. ఈ కమాండ్ కెర్నెల్‌ను అడుగుతుంది, కెర్నెల్ ‘సీపీయూఐడీ’ అనే సూచనతో నేరుగా చిప్‌ను అడుగుతుంది. అంటే ఇక్కడ సాధారణంగా చిప్పే తన పేరు చెప్పుకుంటుంది. స్టిక్కర్ మార్చినంత తేలికగా ఆ పేరును మార్చడం దుకాణంలో కుదిరే పని కాదు.

మా అక్క కూతురికి ల్యాప్‌టాప్ చూడడానికి నగరంలోని ఒక దుకాణానికి వెళ్లినప్పుడు ఈ కమాండ్ ఎంత పని చేస్తుందో ఆ అమ్మాయికి కళ్లారా చూపించగలిగాను. “ఐ5 సార్, ఎయిత్ జనరేషన్, క్వాడ్ కోర్” అన్నాడు అమ్మే అబ్బాయి. స్టిక్కర్ మీద ఐ5 అని ఉంది. ఎల్ఎస్‌సీపీయూ కొట్టగానే ‘సీపీయూ(స్)’ అన్న వరుసలో 4 కనిపించింది. “నాలుగు ఉంది కదా మామయ్యా, క్వాడ్ కోరే కదా?” అని అడిగింది మా అమ్మాయి. ఇంకాస్త కిందికి చూడమన్నాను. ‘థ్రెడ్(స్) పర్ కోర్’ దగ్గర 2, ‘కోర్(స్) పర్ సాకెట్’ దగ్గర 2 ఉన్నాయి. అంటే కోర్లు రెండే. ఒక్కొక్క కోర్ రెండు పనుల వరుసలను నడుపుతుంది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌కు నాలుగుగా కనిపిస్తాయి. ‘మోడల్ నేమ్’ వరుసలో ఐ5-7300యూ అని ఉంది. అది ఏడో తరం చిప్. ఎనిమిదో తరంలో ఆ స్థాయికి వచ్చే ఐ5-8350యూకి నిజంగానే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉంటాయి. చూడగానే 7300యూ పక్కన 2.60 గిగాహెర్ట్జ్ అనీ, 8350యూ పక్కన 1.70 గిగాహెర్ట్జ్ అనీ ఉండడంతో తెలియనివారికి మొదటిదే మెరుగైనదనిపిస్తుంది. అది బేస్ వేగం మాత్రమే, పనిలో దిగినప్పుడు రెండూ అంతకన్నా చాలా పైకి వెళ్తాయి.

ఈ తేడా కోర్లతోనే ఆగదు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అంగీకరించిన ప్రాసెసర్ల జాబితాలో 8350యూ ఉంది, 7300యూ లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. నాలుగేళ్ల చదువు కోసం కొనే యంత్రంలో ఈ ఒక్క అంకె ఎంత తేడా తెస్తుందో ఊహించవచ్చు. ఆ అబ్బాయి మొహమాటపడి, “మాకు వచ్చిన లాట్‌లో అట్లనే రాసి ఉండె సార్” అని లోపలి నుంచి ఇంకొకటి తెచ్చి ఇచ్చాడు. అతని మాట నిజమే కావచ్చు. వందల యంత్రాలు కట్టలుగా చేతులు మారే చోట ఒక్కొక్కదాన్ని విప్పి చూసేవారు తక్కువ, అందుకే ఆ పని కొనేవారే చేసుకోవాలి.

మెమరీ దగ్గరికి వస్తే విషయం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది, ఎందుకంటే ఒకే ప్రశ్నకు రెండు కమాండ్లు రెండు వేర్వేరు చోట్ల నుంచి జవాబు తెస్తాయి. ‘ఫ్రీ -హెచ్’ కెర్నెల్ చేతిలో నిజంగా ఎంత మెమరీ ఉందో చెబుతుంది. 8 జీబీ యంత్రంలో ఇది 8కి కొంత తక్కువగా కనిపిస్తుంది. ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్), ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్, కెర్నెల్ తమకోసం కొంత ముందే తీసుకుంటాయి కాబట్టి ఆ తగ్గుదల సహజం. అదే తెరలో ‘ఫ్రీ’ అన్న నిలువు వరుసలో చిన్న అంకె చూసి మెమరీ అయిపోయిందనుకునేవారు ఎందరో. ఖాళీగా ఉన్న మెమరీని లైనక్స్ ఫైళ్ల క్యాష్‌కు (తాత్కాలిక నిల్వకు) వాడుకొని, అవసరమైనప్పుడు వదిలేస్తుంది. మనం చూడవలసినది ‘అవైలబుల్’ అన్న చివరి వరుస.

స్లాట్లు ఎన్ని, వాటిలో ఏ చిప్పులు ఉన్నాయి, ఇంకొకటి పెట్టుకోవడానికి చోటు ఉందా అన్న ప్రశ్నలకు ‘సుడో డీఎంఐడీకోడ్ -టి మెమరీ’ కావాలి (ముందున్న ‘సుడో’ అడ్మినిస్ట్రేటర్ అనుమతితో నడపమని చెబుతుంది). ఇది ఒక్కొక్క స్లాట్‌కు ఒక్కొక్క పేరాగా సైజు, డీడీఆర్4 వంటి రకం, వేగం, తయారీదారు, పార్ట్ నంబరు చూపిస్తుంది. ఖాళీ స్లాట్ దగ్గర ‘నో మాడ్యూల్ ఇన్‌స్టాల్డ్’ అని ఉంటుంది. చూడగానే దీన్ని మించిన కమాండ్ లేదనిపిస్తుంది. కానీ ఇది హార్డ్‌వేర్‌ను తడిమి చూసి చెప్పే సంగతి కాదు. బూట్ సమయంలో బయోస్ అనే ఫర్మ్‌వేర్ తయారుచేసి పెట్టిన ఎస్ఎంబయోస్ అనే పట్టికను అది చదివి వినిపిస్తుందంతే. ఆ పట్టికలోని సమాచారం చాలాసార్లు అసంపూర్ణంగానో, పూర్తిగా తప్పుగానో ఉంటుందని డీఎంఐడీకోడ్ మాన్యువల్ పేజీ స్వయంగా హెచ్చరిస్తుంది. పహాణీలో రాసి ఉన్న విస్తీర్ణానికీ, పొలంలో గొలుసు పట్టి కొలిచిన విస్తీర్ణానికీ ఉన్నంత తేడా ఇక్కడ ఉండవచ్చు. అసెంబుల్డ్ కంప్యూటర్లలో తయారీదారు పేరు ఉండవలసిన చోట ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అన్న మాటలే కనిపించడం మామూలు, ఎవరో పూరించవలసిన ఖాళీని ఎవరూ పూరించలేదన్నమాట. ఇదే పట్టికలో కనిపించే ‘మాగ్జిమమ్ కెపాసిటీ’ అంకె నమ్మి ర్యామ్ కొనకూడదు, యంత్రం తయారీదారు ఇచ్చిన వివరాలు చూసుకోవాలి.

మెమరీ చిప్ మీదే ఎస్పీడీ అనే చిన్న నిల్వ భాగం ఉంటుంది, తన సైజు, వేగం, తయారీదారు వివరాలు అందులో ఉంటాయి. ‘ఐ2సీ-టూల్స్’ అనే ప్యాకేజీతో వచ్చే ‘డీకోడ్-డిమ్స్’ కమాండ్ దానిని చదువుతుంది. అన్ని యంత్రాల మీదా ఇది ఇట్టే పనిచేయదు, ఒక్కోసారి తగిన కెర్నెల్ మాడ్యూల్ ఎక్కించాలి. మామూలు కొనుగోలుకు ‘ఫ్రీ’ చెప్పే మొత్తమూ, ‘డీఎంఐడీకోడ్’ చెప్పే మొత్తమూ ఇంచుమించు కలిస్తే చాలు. ఒకటి 16 అంటూ, రెండోది 8 లోపే చూపిస్తే మాత్రం అక్కడ ఆగి కారణం తెలుసుకోవాలి.

డిస్కుల కోసం ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ వాడతాం. 512 జీబీ అని కొన్న ఎస్ఎస్‌డీ ఇక్కడ 476.9 అని కనిపిస్తే మోసమనుకోకూడదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, ఈ కమాండ్ 1024 చొప్పున లెక్కిస్తుంది; 1 టీబీ కూడా ఇలాగే 931.5గా కనిపిస్తుంది. ‘రోటా’ అన్న వరుసను అడిగి చూపించమంటే, తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్‌కు 1, ఎస్ఎస్‌డీకి 0 వస్తుంది. యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన ఎస్ఎస్‌డీ కొన్నిసార్లు 1 అని చెబుతుంది, ఎందుకంటే అక్కడ జవాబు చెప్పేది మధ్యలో ఉన్న డబ్బాయే.

పాత డిస్క్ ఎంత నలిగిందో తెలియాలంటే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీలోని ‘స్మార్ట్‌సీటీఎల్ -ఏ’ అన్న కమాండ్ వాడి, డిస్క్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు చదవాలి, వీటినే స్మార్ట్ లెక్కలంటారు. ‘పవర్ ఆన్ అవర్స్’ అంటే అది ఎన్ని గంటలు నడిచిందో; ‘రీఅలొకేటెడ్ సెక్టార్’, ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ల చివరి అంకెలు సున్నా కాకపోతే ఆ హార్డ్ డిస్క్‌ను నేను తీసుకోను. ఎన్‌వీఎంఈ అనే రకం ఎస్ఎస్‌డీలలో ‘పర్సెంటేజ్ యూజ్డ్’ అనే వరుస ఉంటుంది. అది నిండిన స్థలం కాదు, తయారీదారు అంచనా వేసిన ఆయుష్షులో ఎంత ఖర్చయిందో తెలిపే లెక్క. ఆ అంకె వంద దాటి కూడా పోగలదు.

ఈ లెక్కలను కూడా చెరిపివేయగలవారు ఉన్నారు. 2025 ఆరంభంలో జర్మనీలో బయటపడిన ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ: వేల గంటలు నడిచిన సీగేట్ హార్డ్ డిస్కులను మధ్యవర్తులు కొత్తవిగా అమ్మారు, మామూలు స్మార్ట్ లెక్కలలో గంటలు సున్నాకు దగ్గరగా కనిపించాయి. కానీ ఆ డిస్కులు ఫార్మ్ అనే మరో చిట్టాను లోపల వేరుగా దాచుకుంటాయి, అందులో అసలు గంటలు అలాగే ఉన్నాయి. కొత్త వెర్షన్ స్మార్ట్‌సీటీఎల్‌కు ‘-ఎల్ ఫార్మ్’ అని జోడిస్తే సీగేట్ డిస్కులలో ఆ చిట్టా కనిపిస్తుంది. రెండు చిట్టాలలో గంటలు పొంతన లేకుండా ఉంటే ఆ డిస్క్ గతాన్ని ఎవరో చెరిపారని అర్థం.

పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల విషయంలో అడగడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. అతి తక్కువ ధరకు దొరికే 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల లోపలి కంట్రోలర్‌ను అబద్ధం చెప్పేలా తయారుచేస్తారు; ఎల్ఎస్‌బీఎల్‌కే దాన్ని అడిగితే 2 టీబీ అనే అంటుంది, ఫైళ్లు కాపీ అవుతున్నట్టే కనిపిస్తాయి, అసలు చిప్ నిండిన తరువాత రాసినవన్నీ పాడవుతాయి. ‘ఎఫ్3’ అనే సాధనంలోని ‘ఎఫ్3రైట్’తో డ్రైవ్ నిండా రాసి, ‘ఎఫ్3రీడ్’తో తిరిగి చదివితే నిజమైన పరిమాణం తేలుతుంది. ఇది గంటలు పట్టే పని. పెళ్లి ఫోటోలు, వీడియోలు దాచుకోబోయే కార్డు అయితే ఆ గంటలు తప్పకుండా కేటాయించాలి.

మిగిలిన భాగాలను క్లుప్తంగా చెబుతాను. ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ గ్రాఫిక్స్, వైఫై, ఇతర కార్డుల పేర్లతోపాటు, ఏ డ్రైవర్ వాటిని నడుపుతోందో చూపిస్తుంది. వైఫై పనిచేయనప్పుడు ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుస కనిపించకపోతే కారణం అక్కడే దొరికినట్టు. పేరు చివర బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసి ఉండే జంట గుర్తులలో మొదటిది కంపెనీ గుర్తు. ఇంటెల్‌ది 8086, అంటే 1978లో అది తెచ్చిన ప్రాసెసర్ సంఖ్యే. బ్యాటరీకి ‘/సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0’ అన్న ఫోల్డర్‌లో ‘ఎనర్జీ_ఫుల్’, ‘ఎనర్జీ_ఫుల్_డిజైన్’ అనే రెండు ఫైళ్లు ఉంటాయి, కొన్ని యంత్రాలలో వాటి పేర్లు ‘చార్జ్’తో మొదలవుతాయి. మొదటి అంకెను రెండో దానితో భాగిస్తే బ్యాటరీలో మిగిలిన సత్తువ శాతంలో వస్తుంది. ‘సైకిల్_కౌంట్’ సున్నా అని ఉంటే బ్యాటరీ కొత్తదని సంతోషించకండి, చాలా ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ఆ లెక్కను అసలు చెప్పదు.

విండోస్‌లోనే చూడవలసి వస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సిస్టమ్‌ఇన్ఫో’ చాలావరకు చెబుతుంది. అందులో ఓఎస్ వెర్షన్ 10.0 అని కనిపించినంత మాత్రాన అది విండోస్ 10 అని నిర్ణయించకూడదు, విండోస్ 11 కూడా 10.0 అనే చెబుతుంది. చూడవలసినది బిల్డ్ నంబరు: 22000, అంతకన్నా పైన ఉంటే విండోస్ 11. ‘ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్’ యంత్రం వయసు కాదు, ఆ విండోస్ ఎక్కించిన తేదీ. పెద్ద అప్‌డేట్ వస్తే అది కూడా మారిపోతుంది. పాత పాఠాలలో కనిపించే ‘డబ్ల్యూఎంఐసీ’ కమాండ్‌కు మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది, విండోస్ 11 ఇటీవలి వెర్షన్లలో అది ముందుగా అమర్చి ఉండదు. దాని బదులు పవర్‌షెల్‌లో ‘గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్’ వెనుక ‘విన్32_ప్రాసెసర్’ అనో, ‘విన్32_ఫిజికల్‌మెమరీ’ అనో రాయాలి. ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ బ్యాటరీ చరిత్రను ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా తయారుచేసి ఇస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరిచి డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పోల్చుకోవచ్చు. మ్యాక్‌లో ‘ఎస్‌డబ్ల్యూ_వెర్స్’ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌ను, ‘సిస్టమ్_ప్రొఫైలర్ ఎస్పీహార్డ్‌వేర్‌డేటాటైప్’ చిప్, మెమరీ వివరాలను చూపిస్తాయి.

హార్డ్‌వేర్ వివరాలను ఒకచోట భద్రపరచుకోవాలంటే ‘సుడో ఎల్ఎస్‌హెచ్‌డబ్ల్యూ’ జవాబును ఒక ఫైలులోకి మళ్లించి, కొన్న రసీదుతోపాటు దాచుకోవాలి. తరువాత సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్నప్పుడు అదే కమాండ్ మళ్లీ కొట్టి, రెండు ఫైళ్లనూ ‘డిఫ్’తో పోల్చితే ర్యామ్ గానీ డిస్క్ గానీ మారిందా లేదా అన్నది సీరియల్ నంబర్లతో సహా బయటపడుతుంది. అయితే సాయం కోసం ఆ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు మాత్రం సీరియల్ నంబర్లు, నెట్‌వర్క్ చిరునామాలు అందరికీ పంచినట్టవుతుంది. అలాంటప్పుడు కమాండ్ చివర ‘-శానిటైజ్’ చేర్చి మరో ప్రతి తీయాలి, లేదా ‘ఇన్‌క్సీ’ అనే ఇలాంటి మరో సాధనం వాడేవారు పెద్ద ఎఫ్ పక్కన చిన్న జెడ్ చేర్చాలి. అప్పుడు ఆ వివరాలు దాచిన ప్రతి వస్తుంది. గ్రూపుకు ఈ ప్రతిని పంపి, పూర్తి వివరాలున్నది మన దగ్గరే ఉంచుకోవాలి.